ఏడో గది ముందరి రాయి

జలపతి హోటల్ లోపల నిలబడి, హోటల్ ఎక్కడుందని అడిగాడు.

“మీరు నిలవడ్డదే రిసెప్షన్ సార్,” అన్నాడు మేనేజర్ జగదీశ్. ఈ జవాబు ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటాడు. అలవాటు కొద్దీ ముఖంలోకి సంబరం పొంగుకొచ్చింది. మొన్న పొద్దున ఇదే హోటల్ రేవులో తమ వాచ్‌మన్ శవం తేలిందన్న సంగతి గుర్తొచ్చి, ఆ సంబరాన్ని మింగేశాడు.

తప్పు జలపతిది కాదు. రిజర్వాయరు నీళ్లలోకి పొడుచుకొచ్చిన ఆ గుట్టను, హోటల్ కట్టినవాళ్లు ఎక్కడా చెక్కలేదు, చదును చేయలేదు. రెండు బండగుండ్ల నడుమ ఖాళీ దొరికిన చోటల్లా ఒక మట్టిగది దూర్చారు. గోడలకు గుట్ట మన్నే పూత. కప్పుల మీద కూడా మన్ను పరిచి గడ్డి పెంచారు. అలాంటి గదులు పన్నెండు. హోటల్ పేరు శిలావనం.

“ఒక్క రాయి గూడ కదపలే సార్. గదే మా రూలు,” అన్నాడు జగదీశ్. “పడవల పోయి నీళ్ల మీదికెళ్లి సూస్తే ఈడ హోటలున్నట్టు ఎవ్వలకు తెల్వద్దు. పదకొండేండ్లు గల్ఫ్‌ల సముద్రం ఒడ్డున గిసొంటి హోటల్లనే చేసిన. ఈ పని గాడనే నేర్సుకున్న.”

“మరి బయట లైట్లు?”

“ఒక్కటి గూడ ఉండది. పొద్దుగూకినంక గదులల్ల సన్న దీపాలే. గవ్వి గూడ పరదాలు ఏసినంకనే.”

జలపతి ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుని, దాని కింద గీత గీశాడు. వాచీలో ఒంటిగంటా పది.

“జలపతన్నా, గంట టైమిస్తున్న,” అన్నాడు గుండుకు ఆనుకుని నిలబడ్డ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరేందర్. “రెండూ పదికి బండెక్కుత. నాలుగింటికి పిలగాన్ని సిరిసిల్ల కోర్టుల నిలవెట్టాలె. పాత మనిషివని రానిచ్చిన. మర్యాద నిలవెట్టుకో.”

పిలగాడంటే ప్రభాకర్. ఇరవై ఆరేళ్లు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేస్తాడు. కన్నతండ్రి ఎర్రయ్యను నీళ్లలోకి తోసి చంపాడన్నది అతని మీద నేరం. కింద గేటు దగ్గర పోలీసు జీపులో కూర్చోబెట్టారు. జీపు పక్కన ఎండలో అతని అక్క సుజాత నిలబడి ఉంది. ఆ గంటలోపు జలపతికి ఏదైనా దొరికితే తమ్ముడు ఆమెతో ఇంటికి వస్తాడు. దొరక్కపోతే, మూడు రోజుల్లో తండ్రీ తమ్ముడూ ఇద్దరూ పోయినట్టే.

జలపతి రెండేళ్ల కిందట హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, కోరుట్ల బస్టాండు వెనక ఒక గది తీసుకున్నాడు. డిటెక్టివ్ అని బోర్డు అయితే పెట్టాడు గానీ, వచ్చేవన్నీ గల్ఫ్‌కు పోయి జాడ తెలియకుండా పోయిన మగవాళ్లను వెతికే పనులే. నిన్న సుజాత వచ్చి నాగులగడ్డ ఎర్రయ్య బిడ్డనని చెప్పగానే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఎందుకో ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

నరేందర్ కేసు చూడటానికి గట్టిగానే ఉంది. దీపావళి నాడు సాయంత్రం నాలుగింటికి ప్రభాకర్ హోటల్‌కు వచ్చి తండ్రితో గొడవపడ్డాడు, రొమ్ము మీద చెయ్యి వేసి నెట్టాడు. ఇద్దరు వంటవాళ్లు చూశారు. ఆరున్నరకు తండ్రీకొడుకులు రేవు దగ్గర మళ్లీ కొట్లాడుకుంటుంటే జగదీశ్ చూశాడు. తెల్లారి శవం తేలింది. తల వెనక దెబ్బ, ఊపిరితిత్తుల్లో నీళ్లు. పక్కనే గడ్డిలో చిక్కుకుని ఒక ఆకు దొప్ప, అందులో కాలిన వత్తి. ముసలాయన దీపం వదలడానికి వంగాడు, కొడుకు తోశాడు. ఇదీ కథ.

ప్రభాకర్ చెప్పేది వేరు. నాలుగుంబావుకే వెళ్లిపోయి, ఎనిమిదింటిదాకా రిజర్వాయరు కట్ట మీద తల్లికి దీపం పెట్టుకుని ఒక్కడే కూర్చున్నాడట. చూసినవాళ్లు లేరు.

వాళ్ల వాడలో దీపావళి దీపం ముందు బొందలగడ్డకు, చనిపోయినవాళ్ల సమాధుల దగ్గరికి వెళుతుంది, ఆ తరువాతే గడపకు. ఎర్రయ్య చర్చికి పోయేవాడు, భార్య మల్లక్క ఎల్లమ్మకు మొక్కేది. ఆ దీపం దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. మల్లక్క చనిపోయిన మరుసటేడు నాగులగడ్డ ఊరు రిజర్వాయరులో మునిగింది. బొందలగడ్డ కూడా మునిగిందన్నారు. ఎనిమిదేళ్లయింది. ప్రతి దీపావళికీ ఆ జనం కట్ట మీద నిలబడి, దీపం నీళ్లకు చూపించి వెళతారు. ఈ ఏడు మాత్రం ఎర్రయ్య కట్ట మీదికి రానన్నాడు. అవ్వకు దీపం పెట్టవా అని తల్లి కోసం కొడుకు నిలదీశాడు. నా తీరుగ నేను పెడతా అన్నాడే తప్ప తండ్రి ఇంకో మాట చెప్పలేదు. గొడవంతా అదే.

“ఆరున్నరకు నువ్వు యాడున్నవు?” జలపతి జగదీశ్‌ను అడిగాడు.

“గీడనే సార్, రిసెప్షన్ల.”

“రేవెంత దూరం?”

“నూరడుగులుంటది.”

“ప్రభాకర్ ఏ అంగీ ఏసుకుండె?”

“నీలిది సార్. తెల్ల గీతలుండె.” ఈ జవాబు తడుముకోకుండా వచ్చింది.

“నువ్వు ఆ అంగీ సూసింది నాలుగింటికి. ఆరింటిలోపే పొద్దుగూకింది. అమాస. బయట ఒక్క లైటు గూడ ఉండదని ఇప్పుడే అంటివి. నూరడుగుల అవతల చీకట్ల అంగీ మీది గీతలు ఎట్ల కనవడ్డయి?”

జగదీశ్ నరేందర్ వైపు చూశాడు. నరేందర్ గుట్ట వైపు చూశాడు.

“దీపముండె గద సార్,” అన్నాడు జగదీశ్ చివరికి. “గా దొప్పల దీపం. గా ఎలుగుల కనవడ్డది.”

“ఇగ సాలు. వాడు సూసిండు, చెప్పిండు,” అన్నాడు నరేందర్. “లాయరు లెక్క గుంజకన్నా.”

“దొప్పనొకసారి సూపియ్యుండ్రి సార్.”

కవరులో పెట్టిన దొప్పను జలపతి ఎండకు ఎత్తి చూశాడు. మోదుగాకు, నాలుగు మూలలా చీపురు పుల్ల గుచ్చారు. అక్కడి నుంచి నేరుగా వంటింటి తలుపు దగ్గరికి నడిచాడు. అరుగు మీద అచ్చం అలాంటి దొప్పలే దొంతర్లుగా పేర్చి ఉన్నాయి, పచ్చళ్లు వడ్డించడానికి.

“ప్లాస్టిక్ ముట్టం సార్,” అన్నాడు వెనకే వచ్చిన జగదీశ్, నీరసంగా.

“ఎర్రయ్య ఈడికెళ్లే తీసుకపోయిండు. అండ్ల ఇచ్చంత్రమేమున్నది?” అన్నాడు నరేందర్.

“తీసుకపోడు సార్. వాళ్లు దీపాన్ని నీళ్లల్ల ఇడువరు. ప్రమిదల పెడుతరు, భూమ్మీద పెడుతరు. బొంద తలకాడ పెడుతరు. దొప్పల ఇడిసేది కార్తీకంల, మన ఇండ్లల్ల. అది గూడ దీపావళి పోయినంకనే.” జలపతి ఉన్నట్టుండి జగదీశ్ వైపు తిరిగాడు. “మీ అవ్వ ఇడుస్తదా?”

“ఇడుస్తది సార్, మా మేడిపల్లి వాగుల...” అనేసి జగదీశ్ ఆగాడు.

ఆగడం ఆలస్యమైంది. పదకొండేళ్లు పరాయి సముద్రం ఒడ్డున బతికినవాడు, దీపావళి దీపమంటే అందరి ఇళ్లలోనూ తన తల్లి వదిలే దీపమే అనుకున్నాడు. జలపతికి కోపం రావాల్సింది. దానికి ముందు జాలి కలిగింది, తనమీద తనకే చిరాకు వేసేంత జాలి.

వాచీలో ఒంటిగంటా ముప్పై.

“గదులన్ని సూడాలె,” అన్నాడు.

అతను వెతుకుతున్నది ఒక బీడీల కట్ట. మల్లక్క బతికినన్నాళ్లూ బీడీలు చుట్టింది. ఆమె పోయాక సుజాత ప్రతి దీపావళికీ తల్లి పేరు మీద ఇరవై ఐదు బీడీలు చుట్టి, కంపెనీ వాళ్ల తెల్లదారం కాకుండా ఎర్రదారం కట్టి తండ్రికి పంపేది. దీపం పెట్టిన రాత్రి తండ్రి ఫోన్ చేసి ఒకే మాట చెప్పేవాడు: ‘నీ కట్ట నీళ్లకు సూపిచ్చిన బిడ్డా.’ ఎనిమిది దీపావళులు అదే మాట. ఈసారి ఆరూ పదికే ఫోన్ చేశాడు. ‘నీ కట్ట అవ్వ తలకాడ పెట్టిన బిడ్డా,’ అన్నాడు. ముసలాయన మాట మార్చాడనుకుని సుజాత పట్టించుకోలేదు. జలపతి పట్టించుకున్నాడు. కోరుట్ల నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అతని బుర్రలో ఆ మాటే తిరిగింది. శవం జేబులో అగ్గిపెట్టె ఉంది, ఫోన్ ఉంది, కట్ట లేదు. రేవులోనూ లేదు. కట్ట ఎక్కడుంటే ఆరూ పదికి ఎర్రయ్య అక్కడున్నాడు.

గదుల లోపలికి అతను తొంగి కూడా చూడలేదు. బయటి రాళ్లను చూసుకుంటూ నడిచాడు. ప్రతి రాయి మీదా ఎండిన పాచి, బూడిదరంగు మచ్చలు. కట్టినవాళ్లు వాటిని గీకలేదు. అవి ఉంటేనే అందం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు గదులు దాటాడు. ఏడో గది ముందు ఆగిపోయాడు.

చిన్న అరుగు, రెండు పేము కుర్చీలు. కుర్చీల మధ్య భూమిలోకి సగం దిగి ఒక గుండ్రటి రాయి. నడుమ తొర్ర. రాయి మీద పాచి లేదు, మరక లేదు. కడిగిన పళ్లెంలా తెల్లగా ఉంది.

“గిదేంది?”

“మొదటి సంది ఉన్న రాయే సార్. పోయిన నెల పొదలు కొట్టిస్తే బయటపడ్డది. గెస్టులు సిగరెట్లు ఆర్పుతరు, తొర్ర ఉన్నది గద.”

“సిగరెట్లు ఆర్పే రాయి గింత తెల్లగెందుకున్నది? ఒక్క రాయి గూడ కదపమంటివి. గిదొక్కటి ఎందుకు కడిగిండ్రు?”

జలపతి జవాబు కోసం ఆగలేదు. ఎందుకంటే ఆ రాయేమిటో అతనికి అప్పటికే తెలిసిపోయింది. అది విసుర్రాయి. పై సగం.

కింది సగం అతను నిన్ననే చూశాడు. కోరుట్లలో సుజాత ఇంటి వాకిట్లో ఉంది, నడుమ గూటం పుల్లతో సహా. బీడీల చాట దాని మీద ఆనించుకుని ఆమె పని చేస్తుంది. అంతకుముందు ఇంకోసారి కూడా చూశాడు. ఎనిమిదేళ్ల కిందట నాగులగడ్డ ఖాళీ చేయించిన రోజున, ట్రాక్టర్‌లో ఎర్రయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ‘ఒక్క సగం ఎందుకు మోస్తున్నవు, పారెయ్యి,’ అన్నాడు లాఠీ పట్టుకుని నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్. ‘పైది నా ఆడామె తలకాడ ఉన్నది సారూ,’ అన్నాడు ఎర్రయ్య. ఆ హెడ్ కానిస్టేబుల్ జలపతే.

అతను తల ఎత్తి గుట్ట వాలు చూశాడు. ఏడో గదికీ ఎనిమిదో గదికీ మధ్య మోకాలెత్తు రాళ్లు నిలబడి ఉన్నాయి, రెండు వరసల్లో. ఎవరూ చెక్కలేదు, ఎవరి పేరూ రాయలేదు. కొత్తవాళ్లకు అవి గుట్టలో పుట్టిన రాళ్లే. కానీ రాళ్లు వరసలో పుట్టవు. ఒక్క రాయీ కదపకూడదన్న రూలు పెట్టుకుని కట్టారు కాబట్టి, తెలియకుండానే బొందలన్నీ ఉన్నచోటనే ఉంచారు. వాటి నడుమ కుర్చీలు వేశారు.

జలపతి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోకాళ్లు నొప్పి పెట్టాయి. రెండు వేళ్లు తొర్రలోకి పెట్టాడు. పైన సిగరెట్ల బూడిద ముద్ద. ఇంకా లోపల తడి మన్ను. ఆ మన్నులో ఆకు తగిలింది. మెల్లగా లాగాడు.

బీడీల కట్ట. నీళ్లకు ఉబ్బింది గానీ విడిపోలేదు. ఎర్రదారం.

ఫోన్ తీసి రాయినీ కట్టనూ ఫోటో తీశాడు.

“ఎవలు కడిగిండ్రు జగదీశ్?”

జగదీశ్ కుర్చీలో కూర్చోబోయి, అది ఎక్కడుందో గుర్తొచ్చినట్టు లేచి నేల మీద కూలబడ్డాడు.

“దీపం ఆర్పమన్న సార్, గంతే. మా హోటల్ సేటు, పైసలు పెట్టే కొత్త పార్టీని పడవల తిప్పుతుండు. ఒడ్డు మీద ఏమన్న కనవడ్తుందా సూడుండ్రి అని గొప్పలు చెప్తుండు. గప్పుడే గీడ దీపం. ఫోన్ చేసి నన్ను నోటికొచ్చినట్టు తిట్టిండు. ఉరికచ్చిన. ఆర్పుమంటే ఎర్రయ్య ఆర్పలే. గిది నా ఆడామె బొంద, గీ రాళ్లన్ని మావోళ్ల బొందలే అన్నడు. తెల్లారితే మా ఊరోళ్ల కాలనీల అందరికి చెప్త, అచ్చే యేడు అందరు ఈడనే పెడ్తరు అన్నడు. సంబురంగ చెప్పిండు సార్, నేనేదో సంతోషపడ్త అన్నట్టు. నేను దీపాన్ని తన్నవోయిన. అడ్డమచ్చిండు. నూకిన. తల గీ రాయికే తాకింది.”

“తర్వాత?”

“కదులలే. సచ్చిండనుకున్న. బక్క పానం, రేవుకు గుంజుకపోయిన. దొప్ప తెచ్చి ఇడిసిన. రాయి కడిగిన.”

“సచ్చిండనుకున్నవు,” అన్నాడు జలపతి. “డాక్టరు ఏం రాసిండో ఎరికేనా? ఊపిరితిత్తులల్ల నీళ్లున్నయి. నువ్వు నీళ్లల్ల ఏసినప్పుడు ఎర్రయ్య బతికే ఉన్నడు.”

జగదీశ్ మొదట అర్థం కానట్టు చూశాడు. తరువాత రెండు చేతులతో తల కొట్టుకుంటూ ఏడ్చాడు. అపరాధి దొరికినప్పుడు డిటెక్టివ్‌కు కలగాల్సిన తృప్తి ఏదో ఉంటుందంటారు. జలపతికి అది కలగలేదు. భార్య తలకాడ తల పగిలి పడి, ఊపిరి ఉండగానే నీళ్ల పాలైన మనిషి కళ్లముందు ఆడుతుంటే, తృప్తి ఎక్కడి నుంచి వస్తుంది?

నరేందర్ అంతా విన్నాడు. జలపతి భుజం మీద చెయ్యి వేసి, గుండు చాటుకు తీసుకెళ్లాడు.

“మంచిగ ఇప్పినవన్నా. పిలగాన్ని ఇడిసిపెడ్త. ఖుషీయేనా?”

“జగదీశ్?”

“ముసలాయన కాలు జారి పడ్డడు, తలకు రాయి తాకింది, నీళ్లల్ల మునిగిండు. ప్రమాదం. కేసు ఖతం. ప్రభాకర్ ఇయ్యాల్నే అక్కతోని ఇంటికి పోతడు.”

“మరి బొందలు?”

“యాడి బొందలన్నా?” నరేందర్ ఫోన్ తెరిచి ఒక కాగితం ఫోటో చూపించాడు. “సదువు. కండ్లద్దాలు పెట్టుకో.”

జలపతి కళ్లద్దాలు తీయలేదు. చదవకుండానే తెలుసు. నాగులగడ్డ శ్మశానవాటిక పూర్తిగా ముంపు పరిధిలో కలదనీ, తాము స్వయముగా పోయి చూచితిమనీ రాసిన పంచనామా. రాసింది అప్పట్లో ఎస్సైగా ఉన్న నరేందర్. కింద సాక్షి సంతకం హెడ్ కానిస్టేబుల్ జలపతిది.

వాళ్లు స్వయంగా పోలేదు, చూడలేదు. మే నెల, మిట్టమధ్యాహ్నం. జీపు నీడలో సోడాలు తాగుతున్నారు. బొందలగడ్డ గుట్ట మీదిదాకా ఉంటది, ఒకసారి ఎక్కి సూడుండ్రి అన్నాడు ఒక పెద్దమనిషి. అంతా ఒకటే అని నరేందర్ రాసేశాడు. ఆ కాగితం మీద సిరా ఆరకముందే ఎర్రయ్య వచ్చి, భార్య ఎముకలైనా తెచ్చుకుంటానని చేతులు జోడించాడు. ‘ఒక్కపూట టైమియ్యుండ్రి సారూ, నా ఆడామె బొక్కలు ఏరుకొని అస్త.’ ‘అంత మునుగుతది, నువ్వు ట్రాక్టరెక్కు,’ అన్నది జలపతే. ఆ వానాకాలం నీళ్లొచ్చి గుట్ట దారి మునిగింది. కట్ట మీది నుంచి చూస్తే నీళ్లూ, ఎక్కడో అవతల నాలుగు గుండ్లూ. కాగితం మునిగిందంటే జనం మునిగిందనే నమ్మారు. అవతలి వైపు నుంచి హోటల్‌కు దారి పడింది. ఊరే లేకుండా పోయాక గుట్టను మాత్రం ఎవరు గుర్తుపడతారు? వాచ్‌మన్‌గా రెండేళ్లు దాని మీద తిరిగిన ఎర్రయ్యకే, పోయిన నెల పొదలు కొట్టేదాకా తెలియలేదు.

“ఇది బొందలగడ్డ అని నువ్వంటే, గా కాయితం అబద్ధం. రాసిన నేనూ పోత, సంతకం పెట్టిన నువ్వూ పోతవు,” అన్నాడు నరేందర్. “ఊకుంటే పిలగాడు బయటికస్తడు. నీకు కావల్సింది గదే గద?”

“మల్లక్క తలకాడి తొర్రల సిగరెట్లు ఆర్పుతుండ్రు సార్.”

“నువ్వు ఫోటో తీసినంత మాత్రాన రాయి బొంద కాదు. గుట్ట నిండ రాళ్లే.”

“దీని కింది సగం కోరుట్లల ఉన్నది,” అన్నాడు జలపతి. కోపంలో గొంతు లేచింది. “దాని గూటం ఈ తొర్రలనే కూసుంటది. ఇంకో రాయిల కూసోదు. జడ్జి ముంగట రెండిట్ని కలిపి సూపిస్త.”

ఇరవై ఎనిమిదేళ్లు పోలీసు ఉద్యోగం చేసినవాడు అనకూడని మాట అది. ఎదుటివాడు ఏ రాయిని మాయం చేయాలో ఎదుటివాడికే చెప్పాడు. అన్నాక గాని తెలియలేదు. నరేందర్ తల ఊపి, సిగ్నల్ కోసమన్నట్టు ఫోన్ పట్టుకుని పక్కకు నడిచాడు.

జలపతి గేటు వైపు దిగాడు. అతని కాళ్లు దిగుతున్నాయి గానీ, మనసు ఆ దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. ఊరుకుంటే కుర్రాడు బయటికి వస్తాడన్నది నిజమే. సుజాత కాళ్లకు మొక్కుతుంది, నలుగురిలో దేవుడంటుంది. ఆ మొక్కు తీసుకుని తను కోరుట్లలో పడుకోగలడా?

సుజాత జీపు చువ్వ పట్టుకుని నిలబడి ఉంది. లోపల ప్రభాకర్ తల వంచుకుని కూర్చున్నాడు. జలపతి చేతిలో ఎర్రదారం చూడగానే ఆమె ముఖం మారిపోయింది.

“యాడ దొరికింది సారూ?”

“మీ అవ్వ తలకాడ.”

“నీళ్లల్లకు దిగిండ్రా?” అంటూ ఆమె అతని ప్యాంటు చూసింది. మోకాళ్ల దగ్గర మన్ను ఉంది, తడి లేదు.

“నీళ్లల్ల లేదు బిడ్డా. మీ అవ్వ ఎన్నడూ మునుగలే. గీ గుట్ట మీదనే ఉన్నది. మీ బాపు కనుక్కున్నడు. గాడ దీపం పెట్టినందుకే మేనేజర్ నూకిండు. ఇప్పుడే ఒప్పుకున్నడు.” ఒకేసారి చెప్పేయాలి, లేకపోతే చెప్పలేడని అతనికి తెలుసు. “నీ తమ్మునికేం గాదు.”

ప్రభాకర్ తల ఎత్తాడు. “బాపు గీడ పెడ్తుంటే, నేను గాడ కట్ట మీద కూసుండి బాపును తిడుతున్న,” అన్నాడు. జీపు చువ్వకు నుదురు ఆనించాడు.

సుజాత కట్టను కొంగులో పెట్టుకుంది.

“ఎనిమిదేండ్ల సంది నీళ్లకు సూపిచ్చినం సారూ. మునిగిందని మాకు ఎవలు చెప్పిండ్రు?”

వాచీలో రెండూ ఐదు. జలపతి వాచీ వైపు చూడటం ఆమె ముఖం చూడలేకే.

“కాయితం నరేందర్ సార్ రాసిండు. సంతకం నాది. సూసినమని రాసినం గని, సూడలే. ఎండ కొడుతుందని గుట్టెక్కలే. మీ బాపు ఒక్కపూట టైమడిగితే ఇయ్యంది గూడ నేనే బిడ్డా.”

తిడుతుందనుకున్నాడు. కొడుతుందేమోనని కూడా అనుకున్నాడు, కొడితే బాగుండుననీ అనిపించింది. సుజాత కట్ట ఉన్న కొంగును ముడివేసింది.

“గీ మాట కోర్టుల చెప్తరా?”

“చెప్త.”

“మీ పేరు పోతది.”

“పోనీ.”

“ముందుగాల నాకు తొవ్వ సూపియ్యుండ్రి,” అంది.

అప్పుడే పైన, గుండ్ల వెనక నుంచి ఖణేలుమని చప్పుడొచ్చింది. గడ్డపార రాతికి తగిలిన చప్పుడు. ఒక్క రాయి కూడా కదపని చోట, మొదటిసారి ఒక రాయిని పెకిలిస్తున్నారు. అది ఏ రాయో జలపతికి తెలుసు, నరేందర్‌కు తనే చెప్పాడు.

“ఏడో గది!” అని అరిచాడు. “ఎడమ దిక్కు బిడ్డా, తెల్ల రాయి!”

సుజాత చెప్పులు అక్కడే విడిచి పరుగెత్తింది. జలపతి ఆమె వెనక ఎక్కసాగాడు. అదే గుట్ట, అదే మధ్యాహ్నపు ఎండ. ఎనిమిదేళ్ల కిందట ఎక్కితే ఇరవై నిమిషాల పని. ఇప్పుడు ఊపిరి అందడం లేదు, మోకాళ్లు మాట వినడం లేదు. ఆమె మలుపు దాటి కనిపించకుండా పోయింది.

గడ్డపార రెండోసారి మోగింది.

జలపతి ఒక గుండు పట్టుకుని నిలబడి, మూడో దెబ్బ కోసం చెవులు రిక్కించాడు. అది పడలేదు. పైనుంచి సుజాత గొంతు వినిపించింది, కేక కాదు, ఇంట్లోకి అడుగుపెడుతూ పిలిచినట్టు.

“అవ్వా, నేనచ్చిన.”